పాత టూరింగ్ బైక్ ఇంజను అదురు: కారణం దొరికిన తీరు – నా అనుభవం

నా దగ్గరున్నది ముప్పై ఏళ్లు పైబడిన నాలుగు సిలిండర్ల టూరింగ్ మోటార్ సైకిల్. సిలిండర్లన్నీ ఒకే వరుసలో పక్కపక్కన ఉంటాయి. ఒక్కో సిలిండర్‌కు గాలి, పెట్రోలు కలిపి పంపే ఒక కార్బురేటర్, నీటితో చల్లబడే ఇంజను, వెనక చక్రానికి చైను బదులు షాఫ్టు. దూర ప్రయాణాల కోసమే తయారైన బండి కాబట్టి గంటల తరబడి ఒకే వేగంతో నడిపినా ఒళ్లు అలసిపోకూడదు. అటువంటిది కొంతకాలంగా ఐడిలింగ్‌లో (యాక్సిలరేటర్ తిప్పకుండా ఇంజను ఊరికే తిరిగేటప్పుడు) ఇంజను ఉండుండి తన్నినట్టు కుదుపుతోంది, తక్కువ ఆర్‌పీఎంలో (నిమిషానికి ఇంజను తిరిగే చుట్లు) లోడు పడితే మిస్సింగ్, అంటే మధ్యమధ్య మండకపోవడం, వస్తోంది, 4,000 దాటగానే హ్యాండిల్ మీద చేతులు తిమ్మిరెక్కుతున్నాయి, అద్దాల్లో వెనక వచ్చే వాహనం చెదిరిపోయి కనిపిస్తోంది. మైలేజీ కూడా బాగా పడిపోయింది. ఇలాంటి బండి గురించి ఎవరిని అడిగినా మొదట వచ్చే సలహా కార్బురేటర్లు విప్పి కడిగించమనే. ఏళ్ల తరబడి నిలవ ఉన్న పెట్రోలు జిగురుగా మారి ఐడిలింగ్‌లో పెట్రోలు అందించే సన్నని రంధ్రాలైన పైలట్ జెట్లను మూసేయడం పాత బళ్లలో నిత్యం జరిగేదే కాబట్టి ఆ సలహాలో తప్పు లేదు. అయినా నేను కార్బురేటర్లను ఆఖరికి అట్టిపెట్టాను. కంప్రెషన్ (పిస్టన్ లోపలి గాలిని నొక్కే ఒత్తిడి) సరిగా లేని సిలిండర్‌కూ, మంట సరిగా అందని సిలిండర్‌కూ కార్బురేటర్ స్క్రూలు తిప్పి సర్దుబాటు చేస్తే, అసలు లోపం తీరిన రోజున ఆ సర్దుబాట్లన్నీ కొత్త లోపాలవుతాయి.

పానా పట్టే ముందు తేల్చుకోవలసింది ఒకటుంది: ఈ అదురు ఇంజనుదా, చక్రాలదా? ఖాళీ రోడ్డు మీద తిమ్మిరి బాగా తెలిసే వేగానికి చేరుకొని, క్లచ్ పట్టి యాక్సిలరేటర్ వదిలేశాను. బండి ఇంచుమించు అదే వేగంతో దొర్లుతూనే ఉంది, ఇంజను మాత్రం ఐడిలింగ్‌కు దిగింది, తిమ్మిరి ఆ క్షణమే ఆగిపోయింది. టైరు బ్యాలెన్సో, చక్రం బేరింగో, షాఫ్టు జాయింటో కారణమై ఉంటే క్లచ్ పట్టినా అదురు చక్రంతో పాటు కొనసాగేది. ఆ తరువాత ఒక గేరు కిందికి, ఒక గేరు పైకి మార్చి అదే ఆర్‌పీఎం దగ్గర నడిపి చూశాను. రోడ్డు వేగం మారినా తిమ్మిరి 4,200 దగ్గరే పుట్టింది; సెంటర్ స్టాండ్ మీద న్యూట్రల్‌లో రేజ్ చేసినప్పుడూ అక్కడే పుట్టింది. కాబట్టి చక్రాల జోలికి వెళ్లనక్కర లేకపోయింది.

ఇక్కడే మరో సంగతి స్పష్టమైంది. నేను ఒకే జబ్బు అనుకుంటున్నది రెండు వేర్వేరు జబ్బులు. ఫోర్ స్ట్రోక్ ఇంజనులో క్రాంకు (పిస్టన్లు తిప్పే ప్రధాన ఇరుసు) రెండు చుట్లు తిరిగితే ఒక్కో సిలిండర్ ఒక్కసారి మండుతుంది. 1,000 ఆర్‌పీఎం ఐడిలింగ్‌లో ఒక సిలిండర్ సరిగా మండకపోతే నిమిషానికి 500 సార్లు, అంటే సెకనుకు సుమారు 8 సార్లు, ఇంజను తడబడుతుంది. అది విడివిడి కుదుపులుగా సీటు కింద తెలుస్తుంది. 4,200 దగ్గర చేతుల్లోకి వచ్చేది అలాంటిది కాదు. వరుస నాలుగు సిలిండర్ల ఇంజను స్వభావసిద్ధంగా క్రాంకు వేగానికి రెట్టింపు వేగంతో కంపిస్తుంది. ఆ లెక్కన నిమిషానికి 8,400, సెకనుకు 140. వేళ్లు మొద్దుబారేది ఇటువంటి సన్నని, వేగమైన కంపనానికే. కుదుపుకు మండే ప్రక్రియలోనూ, తిమ్మిరికి ఇంజను బిగింపులోనూ కారణం వెతకాలని నిర్ణయించుకొని, ముందుగా కుదుపును పట్టుకున్నాను.

ఏ సిలిండర్ సరిగా పని చేయడం లేదో తెలుసుకోవడానికి ప్లగ్ క్యాపులు ఒక్కొక్కటే పీకి చూడటం చాలామంది చేసే పని. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ ఉన్న బండిలో నేను దాన్ని ఇష్టపడను. దారి దొరకని హై వోల్టేజి కాయిల్‌నో, ఇగ్నిషన్ యూనిట్‌నో దెబ్బ తీయగలదు, పీకేవారికి షాకూ కొట్టగలదు. రాత్రంతా చల్లారిన ఇంజనును స్టార్ట్ చేసి, నిమిషం లోపల నాలుగు సైలెన్సర్ బెండ్ పైపుల మీదా హెడ్‌కు దగ్గరగా నీళ్లు చిలకరిస్తే సరిపోతుంది. ఒకటి, రెండు, నాలుగు పైపుల మీద నీళ్లు చుర్రుమని ఆవిరయ్యాయి. మూడో పైపు మీద చుక్కలు అలాగే నిలిచి, మెల్లగా కిందికి జారాయి. ఇంజను వేడెక్కే కొద్దీ మూడోది కూడా అందుకుంది గాని, మిగతా వాటంత వేడి ఎప్పుడూ రాలేదు. అంటే మూడో సిలిండర్ పూర్తిగా చచ్చిపోలేదు. కొన్నిసార్లు మండుతోంది, కొన్నిసార్లు మండటం లేదు.

నాలుగు ప్లగ్గులూ విప్పి వరుసగా గుడ్డ మీద పెట్టాను. మూడు ప్లగ్గుల పింగాణీ లేత గోధుమ రంగులో ఉంది. మూడో సిలిండర్‌ది మాత్రం మసి పట్టి నల్లగా, అంచున తడిగా ఉండి, ముక్కు దగ్గర పెడితే పచ్చి పెట్రోలు వాసన వేసింది. నల్లని తడి ప్లగ్గు రెండు మాటలు చెప్పగలదు: స్పార్కు రావడం లేదని, లేదా పెట్రోలు మితిమీరి వస్తోందని. ప్లగ్గును చూసి ఈ రెండింట్లో ఏదో చెప్పగలనని ఎవరైనా అంటే నేను నమ్మను, విడిగా పరీక్షించాల్సిందే.

స్పార్కు పరీక్ష తేలికైనది కాబట్టి దానితో మొదలుపెట్టాను. ఈ తరహా ఇంజనుల్లో నాలుగు సిలిండర్లకు స్పార్కు కోసం హై వోల్టేజి పుట్టించే కాయిల్స్ రెండే ఉంటాయి. ఒకటి, నాలుగు సిలిండర్లకు ఒక కాయిల్. రెండు, మూడు సిలిండర్లకు మరొకటి. కాయిల్ ఒక చివర నుంచి బయలుదేరిన కరెంటు ఒక ప్లగ్గును దాటి, సిలిండర్ హెడ్ గుండా రెండో ప్లగ్గుకు చేరి, అక్కడి నుంచి కాయిల్ రెండో చివరకు తిరిగి వస్తుంది. అందువల్ల కాయిల్ పాడైతే రెండు సిలిండర్లూ కలిసి బాధపడాలి. నా బండిలో రెండోది శుభ్రంగా మండుతోంది కాబట్టి కాయిల్ మీద అనుమానం చాలావరకు తీరింది. రెండు, మూడు ప్లగ్గులను ఒకదాని స్థానంలో ఒకటి బిగించి కొంత దూరం నడిపాక చూస్తే, కొత్తగా మూడులోకి వెళ్లిన ప్లగ్గు నల్లబడింది, రెండులోకి వెళ్లినది శుభ్రపడింది. లోపం ప్లగ్గులో లేదు. ప్లగ్ క్యాపుల రెసిస్టెన్సు నాలుగింటికీ 5 కిలో ఓంల దగ్గరే వచ్చింది. బ్యాటరీ పాజిటివ్‌కూ కాయిల్‌కు వచ్చే తీగకూ మధ్య వోల్టేజి తేడా కొలిస్తే మాత్రం 1.3 వోల్టులు కనిపించింది. పాత బళ్లలో ఇగ్నిషన్ స్విచ్, కిల్ స్విచ్, కనెక్టర్ల చిలుము కలిసి ఇలా వోల్టేజిని తినేస్తాయి. కిల్ స్విచ్ విప్పి కాంటాక్టులు శుభ్రం చేస్తే తేడా 0.4కు దిగింది. స్టార్టింగ్ చురుకైంది గాని మూడో సిలిండర్ తీరు మారలేదు.

ఇక మితిమీరిన పెట్రోలు వైపు వెళ్లే ముందు కంప్రెషన్ చూడాలి. ఇంజనును బాగా వేడి చేసి, అన్ని ప్లగ్గులూ తీసి, ఇగ్నిషన్‌కు కరెంటు ఆపి, యాక్సిలరేటర్‌ను పూర్తిగా తిప్పి పట్టుకొని, గేజ్ ముల్లు ఇక పెరగని దాకా స్టార్టర్ మోటారు తిప్పాలి. యాక్సిలరేటర్ మూసి ఉంచితే ఇంజనుకు గాలి అందక అన్ని సిలిండర్లలోనూ అంకె తక్కువగా వస్తుంది. మూడు సిలిండర్లలో చదరపు సెంటీమీటరుకు 11.5 కిలోల చుట్టూ వచ్చింది, మూడో సిలిండర్‌లో 9.8 వచ్చింది. సిలిండర్ల మధ్య పదీ పదిహేను శాతం తేడాను పాత ఇంజనులో సహించవచ్చు గాని, ఇది ఆ అంచు మీదే ఉంది. ప్లగ్గు రంధ్రంలో చిన్న చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొలిచాను. పిస్టన్ రింగులు అరిగి ఉంటే ఆ ఆయిల్ సందులను మూసి అంకెను పెంచాలి. అంకె కదలలేదు. రింగులు బాగున్నాయి, గాలి వాల్వుల దగ్గర పోతోంది.

వాల్వు క్లియరెన్సును, అంటే మూసుకున్న వాల్వుకూ దాన్ని నొక్కే భాగానికీ (ట్యాపెట్) మధ్య ఉండాల్సిన సన్నని సందును, పూర్తిగా చల్లారిన ఇంజను మీద కొలవాలి. ట్యాంకు, ఫెయిరింగ్ ప్యానెళ్లు, వాల్వు కవరు తీయడానికి పట్టే సమయమే అసలు పని కంటే ఎక్కువ. టూరింగ్ బళ్లలో ట్యాపెట్లను ఏళ్ల తరబడి పట్టించుకోకపోవడానికి అదే కారణమని నా అభిప్రాయం. మూడో సిలిండర్ రెండు ఎగ్జాస్ట్ వాల్వుల్లో ఒకదాని దగ్గర మాన్యువల్ చెప్పిన 0.18 మి.మీ. ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నని రేకు) ఆకు దూరలేదు. 0.10 కూడా దూరలేదు. 0.05 ఆకు పట్టి పట్టి లోపలికి వెళ్లింది. వాల్వు అంచు, అది కూర్చునే సీటు అరిగే కొద్దీ వాల్వు పైకి జరిగి ఈ సందు తగ్గుతుంది. ఇంజను వేడెక్కి వాల్వు కాడ సాగినప్పుడు ఉన్న కాస్త సందూ మూసుకుపోయి వాల్వు సీటు మీద పూర్తిగా కూర్చోదు. వాల్వులోని వేడి ఎక్కువగా సీటు గుండానే హెడ్‌లోకి పోవాలి కాబట్టి, సీటు మీద సరిగా కూర్చోలేని వాల్వు కాలిపోతుంది కూడా. ట్యాపెట్ల చప్పుడు లేని ఇంజను బాగుందనుకోవడం చాలామందిలో ఉన్న నమ్మకం. చప్పుడు చేసే వాల్వు కంటే చప్పుడు లేని ఎగ్జాస్ట్ వాల్వే నన్ను ఎక్కువ భయపెడుతుంది. స్క్రూ తిప్పి, లాక్‌నట్టు బిగించాక సందు మారిందేమోనని మళ్లీ కొలిచి, 0.18 దగ్గర స్థిరపరిచాను. వేడి ఇంజనులో కంప్రెషన్ 11.2కు లేచింది.

ఐడిలింగ్ మెరుగుపడింది, కానీ కుదుపు పూర్తిగా పోలేదు, ప్లగ్గు మళ్లీ నల్లబడింది. తక్కువ కంప్రెషన్ కుదుపును పెంచగలదు గాని పచ్చి పెట్రోలును తెచ్చి పోయలేదు. ఎక్కడి నుంచో మూడో సిలిండర్‌లోకి ఎక్కువ పెట్రోలు చేరుతోంది. చల్లని ఇంజనుకు అదనపు పెట్రోలు ఇచ్చే చోక్ ప్లంజర్ పూర్తిగా మూసుకుంటోంది. కార్బురేటర్ డ్రెయిన్‌కు పారదర్శకమైన గొట్టం తగిలించి పైకి పట్టుకొని చూస్తే ఫ్లోట్ లెవెల్ (కార్బురేటర్ గిన్నెలో పెట్రోలు ఎత్తు) మిగతా మూడింటితో సమానంగానే ఉంది. కార్బురేటర్‌ను సిలిండర్‌కు కలిపే ఇన్‌టేక్ రబ్బర్ల మీద పగుళ్ల కోసం కార్బురేటర్ క్లీనర్‌ను చల్లబడిన ఇంజను స్టార్ట్ చేసిన వెంటనే, మంటలార్పే పరికరం పక్కన పెట్టుకొని, కొద్దికొద్దిగా చిమ్మాను. పగులుంటే ఇంజను దాన్ని పీల్చుకొని ఆర్‌పీఎం మారాలి; ఎక్కడా మారలేదు. పైగా అక్కడ గాలి లీకైతే మిశ్రమం పలచబడి ప్లగ్గు తెల్లబడాలి, నల్లబడకూడదు.

అప్పుడు మిగిలింది పెట్రోల్ ట్యాప్. ఈ కాలపు టూరింగ్ బళ్లలో చాలావాటికి వ్యాక్యూమ్‌తో తెరుచుకునే ట్యాప్ ఉంటుంది. ఇంజను తిరుగుతున్నప్పుడు ఒక సిలిండర్ ఇన్‌టేక్ నుంచి సన్నని గొట్టం ద్వారా వచ్చే పీల్పు, ట్యాప్ లోపలి రబ్బరు డయాఫ్రంను లాగి పెట్రోలుకు దారి ఇస్తుంది. ఇంజను ఆగగానే స్ప్రింగు దాన్ని మూసేస్తుంది. నా బండిలో ఆ గొట్టం వెళ్లేది మూడో సిలిండర్ ఇన్‌టేక్‌కే. ఆ గొట్టంలో గాలి తప్ప మరేదీ ఉండకూడదు. ఇంజనును కాసేపు ఐడిలింగ్‌లో ఉంచి, ఆపి, సిలిండర్ వైపు చివరను క్లిప్పు జరిపి లాగగానే గొట్టం మూతిలో ఒక పెట్రోలు బొట్టు ఊరి, వేలి మీద పడి, చల్లగా ఆవిరైపోయింది. ట్యాప్ విప్పి డయాఫ్రంను వెలుతురుకు ఎదురుగా సాగదీసి పట్టుకుంటే, మడత దగ్గర సూదిమొనంత చిల్లులోంచి వెలుతురు వచ్చింది.

బండి లక్షణాలన్నీ ఆ చిల్లుతో పొందికగా కుదిరాయి. యాక్సిలరేటర్ మూసి ఉన్నప్పుడు ఇన్‌టేక్‌లో పీల్పు అత్యధికంగా ఉంటుంది కాబట్టి చిల్లు గుండా పెట్రోలు అప్పుడే ఎక్కువగా వస్తుంది. యాక్సిలరేటర్ తెరిచే కొద్దీ పీల్పు తగ్గి, సిలిండర్‌లోకి గాలి పెరిగి, ఆ అదనపు పెట్రోలు లెక్కలోకి రాకుండా పోతుంది. 3,000 దాటాక మిస్సింగ్ ఎందుకు మాయమయ్యేదో, మైలేజీ ఎందుకు పడిపోయిందో దీనితో తెలిసింది. ఇది ఐడిలింగ్ బాధతో ఆగే లోపం కాదు. బండి నిలిపి ఉంచినప్పుడు కూడా ట్యాంకులోని పెట్రోలు ఈ దారిన సిలిండర్‌లోకి దిగగలదు. నిండిన సిలిండర్ మీద స్టార్టర్ నొక్కితే, ద్రవం నొక్కుకుపోదు కాబట్టి కనెక్టింగ్ రాడ్డు వంగిపోవచ్చు. పిస్టన్ పక్కల నుంచి కిందికి జారిన పెట్రోలు ఇంజన్ ఆయిల్‌ను పలచబరిచి బేరింగులను తినేస్తుంది. ఆయిల్ లెవెల్ పై గీతను దాటి ఉంది, వాసన చూస్తే పెట్రోలే. కొత్త డయాఫ్రం వేశాక, ఇంజను స్టార్ట్ చేయకముందే ఆయిల్, ఫిల్టరు రెండూ మార్చాను. వ్యాక్యూమ్ ట్యాప్ ఉన్న పాత బండి ఎవరికైనా ఉంటే, ఆ గొట్టం ఒక్కటి ఊడదీసి చూడమని గట్టిగా చెబుతాను. క్లిప్పు జరపడానికి పట్టే సమయంలో ఇంజను ప్రాణం నిలుస్తుంది.

కార్బురేటర్ల సింక్రనైజేషన్‌కు, అంటే నాలుగు సిలిండర్ల పీల్పునూ సమానం చేయడానికి, ఇప్పుడు వేళ వచ్చింది. నాలుగు గేజ్‌లు తగిలించి, విడి ట్యాంకు నుంచి పెట్రోలు ఇచ్చి, ట్యాప్ గొట్టం పీకిన పోర్టును మూసి, రేడియేటర్ ముందు ఫ్యాను పెట్టి చేశాను. మొదట ఒకటి-రెండు, తరువాత మూడు-నాలుగు, చివరగా ఆ రెండు జతల మధ్య స్క్రూ. ప్రతి సర్దుబాటు తరువాత యాక్సిలరేటర్‌ను ఒకసారి తిప్పి వదిలి ముళ్లు నిలకడగా వచ్చాయో లేదో చూడాలి. మాన్యువల్ అనుమతించిన తేడా 2 సెం.మీ. పాదరసం, దానిలో సగానికి తేవడం కష్టం కాలేదు. ఐడిలింగ్‌లో క్లచ్ నుంచి వచ్చే గలగల కూడా దీనితో తగ్గింది. క్లచ్ పడితే ఆగిపోయే ఆ శబ్దాన్ని చాలాసార్లు బేరింగు శబ్దంగా పొరబడతారు. సిలిండర్లు సమానంగా లాగనప్పుడు క్లచ్ బాస్కెట్ ముందుకూ వెనక్కూ కొట్టుకోవడం వల్ల వచ్చేదది.

కుదుపు పోయింది. 4,200 దగ్గర తిమ్మిరి మాత్రం అలాగే ఉంది. ఈ కంపనం ఎక్కడ పుడుతుందో తెలిస్తే గాని ఎంతవరకు తగ్గించవచ్చో తెలియదు. పిస్టన్ పై అంచు నుంచి క్రాంకు పావు చుట్టు తిరిగేసరికి కనెక్టింగ్ రాడ్డు ఏటవాలుగా ఉండటం వల్ల పిస్టన్ సగం దూరం కంటే ఎక్కువే కిందికి దిగి ఉంటుంది. అంటే పై సగంలో వేగంగా, కింది సగంలో నెమ్మదిగా కదులుతుంది. వరుస నాలుగులో రెండు పిస్టన్లు దిగుతుంటే రెండు ఎక్కుతుంటాయి గాని, ఈ వేగాల తేడా వల్ల అవి ఒకదాన్నొకటి పూర్తిగా రద్దు చేసుకోవు. మిగిలిన బలం ప్రతి చుట్టుకూ రెండుసార్లు ఇంజనును పైకీ కిందికీ తంతుంది. దీన్ని రద్దు చేయడానికి రెట్టింపు వేగంతో ఎదురెదురుగా తిరిగే బ్యాలెన్స్ షాఫ్టుల ఆలోచన బ్రిటిష్ ఇంజనీరు ఫ్రెడరిక్ లాంచెస్టర్‌ది, ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లదే. 1975 హోండా గోల్డ్ వింగ్ సిలిండర్లను ఎదురెదురుగా పడుకోబెట్టి ఈ చిక్కును పుట్టకుండానే చేసింది. 1997లో వచ్చిన బీఎండబ్ల్యూ కె1200 ఆర్ఎస్ ఇంజనును రబ్బరు మీద నిలిపి, కంపనం ఫ్రేముకు చేరకుండా చూసింది. నా బండిలో బ్యాలెన్స్ షాఫ్టు లేదు. వెనక బోల్టులు నేరుగా ఫ్రేముకు, ముందు బోల్టులు రబ్బరు బుష్‌ల ద్వారా బిగుసుకుంటాయి. అంటే ఆ బుష్‌లే నా చేతులకూ ఆ 140 దెబ్బలకూ మధ్య ఉన్న అడ్డు.

ఇంజను కింద జాకీ ఆనించి ముందు బోల్టులు లాగి చూశాను. కుడి బుష్ రబ్బరు గోరు దిగనంత గట్టిపడి, ఒక పక్కకు కుంగిపోయింది. దాని మధ్యలోని లోహపు గొట్టం బ్రాకెట్ అంచును తాకుతూ వచ్చిన చోట, పెయింటు లేచిపోయి అర చందమామ ఆకారంలో లోహం తళతళలాడుతోంది. రబ్బరు ఉన్నట్టే ఉండి, కంపనం మాత్రం లోహం నుంచి లోహానికి సూటిగా పోతోంది. రెండు వైపులా కొత్త బుష్‌లు వేశాను. బిగించే పద్ధతిలోనే సగం ఫలితం ఉంటుంది: ఇంజను బోల్టులన్నీ వదులు చేసి, ప్రతి బోల్టూ చేత్తో నెడితే దూరేలా జాకీతో ఇంజనును సర్ది, అప్పుడు మాన్యువల్ క్రమంలో టార్క్ రెంచ్‌తో బిగించాలి. వంకరగా కూర్చున్న ఇంజనును బోల్టులతో లాగి బిగిస్తే కొత్త రబ్బరు కూడా మొదటి రోజు నుంచే ఒత్తిడిలో ఉండి పని చేయదు. సైలెన్సర్ క్లాంపులను కూడా చివర్లో, ఇంజను స్థిరపడ్డాకనే బిగించాను.

తరువాత మొదట చేసిన పరీక్షలనే అదే వరుసలో మళ్లీ చేశాను. నాలుగు పైపుల మీదా నీళ్లు ఒకేసారి ఆవిరయ్యాయి. ఎక్కువ దూరం నడిపాక తీసి చూస్తే మూడో ప్లగ్గు మిగతా మూడింటి రంగులోకి వచ్చింది. 4,200 దగ్గర సన్నని జుమ్మనడం ఇప్పటికీ ఉంది, ఫుట్‌రెస్టుల్లో తెలుస్తుంది, కానీ చేతులు మొద్దుబారడం లేదు, అద్దంలో వెనక బండి నంబరు చదవగలుగుతున్నాను. బ్యాలెన్స్ షాఫ్టు లేని ఇంజను నుంచి ఇంతకు మించి నేను ఆశించడం లేదు. ఆ ఎగ్జాస్ట్ వాల్వు సందును మాత్రం మాన్యువల్ గడువు దాకా ఆగకుండా ముందే కొలిచాను. 0.18 దగ్గరే ఉంది. అది కదలనంత కాలం హెడ్ విప్పే పని లేదు. మళ్లీ తగ్గుతూ వస్తే సీటు కుంగుతోందని అర్థం కాబట్టి, ఈసారి స్క్రూ తిప్పి సరిపెట్టకుండా హెడ్ దించి వాల్వూ సీటూ చూస్తాను.